చెయ్యి పెట్టి చూసిన ల్యాప్‌టాప్

నాకు భయం ఎక్కువ. దాచుకునే సంగతేమీ కాదు, ఇంట్లో అందరికీ తెలిసిందే. పిల్లి గోడ దూకినా ఉలిక్కిపడతానని మా అమ్మ నలుగురిలో చెప్పి నవ్వుతుంది. కానీ ఆ చలికాలం మొదలుకొని ఎండలు ముదిరేదాకా నేను పడ్డ భయం వేరు. దానికి ఒక చోటుండేది. ల్యాప్‌టాప్ తెర మీద కుడివైపు కింది మూలన కనిపించే చిన్న బ్యాటరీ బొమ్మ. మాట్లాడుతున్నా, రాసుకుంటున్నా, మంచినీళ్ళు తాగుతున్నా నా కళ్ళు ఆ మూలకే పోయేవి.

ముందు మా నాన్న సంగతి చెప్పాలి. మాది దర్శి దగ్గర పల్లె. కొద్దిగా సొంత చేను, దాన్ని ఆనుకుని ఏటా కౌలుకు పట్టే ఇంకో చెక్క. రెండింట్లోనూ మిరపే వేసేవాళ్ళం. నాన్న పెద్దగా చదువుకోలేదు. అయినా ఊళ్ళో ఎవరు కాయలు అమ్మాలన్నా ముందు ఆయన్ని పిలిచి చూపించుకుంటారు, గుంటూరు మిరప యార్డుకు తోడు రమ్మంటారు. ఆయన బస్తా పైనున్న కాయల వంక చూడనే చూడడు. "అయ్యి పెళ్ళిచూపులకి కూర్చున్న కాయలు" అంటాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి మునిగేదాకా బస్తా కడుపులోకి దించి, అడుగు నుంచి గుప్పెడు కాయలు బయటికి లాగుతాడు. ఒకటి విరిచి లోపల బూజుందేమో చూస్తాడు. వాసన చూస్తాడు. ఇంకోటి చెవి దగ్గర ఆడించి గింజ గలగలమంటుందో లేదో వింటాడు. తాను చెయ్యి పెట్టి చూసిన బస్తానే ఆయన దృష్టిలో సరుకు. మూతి కుట్టేసిన బస్తాను ఎంత పొగిడినా వినిపించుకోడు.

డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చుని దరఖాస్తులు పెట్టుకుంటుంటే ఒక కంపెనీ వాళ్ళు నన్ను తీసుకున్నారు. తీసుకున్నారంటే పూర్తిగా కాదు. ముందు ఇంటి నుంచే శిక్షణ, చివర్లో పరీక్ష. అది గట్టెక్కితే ఇంట్లో కూర్చుని చేసుకునే ఉద్యోగం. శిక్షణ జరిగినంతసేపూ కెమెరాలో మన మొహం కనిపిస్తూ ఉండాలి. మధ్యలో మాయమైతే కారణం అడగం, తీసేస్తాం అని మొదటే చెప్పేశారు. ల్యాప్‌టాప్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి.

నాన్న ఆ ఏడు కౌలు చెక్క వదిలేశాడు. "ఒక్క చేను చూసుకుంటే చాల్లే, ఓపిక తగ్గింది" అన్నాడు. ఆయన ఓపిక ఏమీ తగ్గలేదు. అంతకుముందు ఏడు తామర పురుగు పూతనంతా నాకేసింది కాబట్టి చేతిలో ఉన్నదాంతో అటు కౌలైనా కట్టాలి, ఇటు ల్యాప్‌టాప్ అయినా కొనాలి. ఆయన ల్యాప్‌టాప్ వైపు మొగ్గాడు. ఆ చెక్కలో వేరేవాళ్ళు నారు పెడుతుంటే మా అమ్మ గట్టు మీద నిలబడి చూడటం నేను చూశాను. ఈ ఉద్యోగం రాకపోతే నేనా గట్టు మీద ఎలా నడవాలి అనుకున్నాను. భయం అక్కడ మొదలైంది.

కొనడానికి వెళ్ళేముందు నేను వీడియోలు చాలా చూశాను. వాటినుంచి నాకు అర్థమైంది ఒకటే. చవక ల్యాప్‌టాప్ అంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టి ఉంటారు. ఆ కోత మనకు అవసరమైన చోట పడిందా, అవసరం లేని చోట పడిందా అన్నదే చూసుకోవాలి. కొన్నింటికి తెరలో కోత. పక్కనుంచి చూస్తే మనుషుల మొహాలు మసిబారినట్టు కనిపిస్తాయి. కొన్నింటికి ర్యామ్‌లో కోత. వీడియో కాల్ నడుస్తుండగా తెర మీద ఇంకో కిటికీ తెరిస్తే రెండూ బిగుసుకుపోతాయి. కొన్నింటికి మూత బందుల్లో కోత. ఏడాది తిరక్కుండానే మూత ఊగిపోతుంది. ఇవన్నీ నోటికొచ్చేలా నేర్చుకుని నాన్నతో గుంటూరు బస్సెక్కాను. బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందో అట్టపెట్టె మీద రాసే ఉంటుంది కదా, దాని గురించి నేర్చుకునేదేముంది అనుకున్నాను.

కొట్లో ఏసీ చల్లగా ఉంది. వరసగా ల్యాప్‌టాప్‌లు తెరిచి పెట్టి ఉన్నాయి, అన్నింటి మీదా ఒకే కొండ, ఒకే సరస్సు. నాన్న చొక్కా చెయ్యి పైకి మడవడం చూసి నాకు చెమట పట్టింది.

ఆయన ఒక్కోదాని ముందు నిలబడి మూత మూసి తెరిచాడు. మీటల మధ్యలో వేలితో నొక్కి ఎక్కడ దిగబడుతుందో చూశాడు. మూల పట్టుకుని లేపి ఒళ్ళు వంగుతుందేమో చూశాడు. పక్కనుంచి వేడి గాలి వచ్చే సందు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. కొట్లో పనిచేసే కుర్రాళ్ళు ఒకరి వంక ఒకరు చూసుకుని నవ్వాపుకున్నారు. నవ్వితే నవ్వుకోనీ అనిపించింది కానీ చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నేను మెల్లగా ర్యామ్ సంగతి, తెర సంగతి చెబుతుంటే ఆయన శ్రద్ధగా విన్నాడు. పక్కకు జరిగి తెరలను ఏటవాలుగా చూశాడు. చివరికి ఒకదాని మీద చెయ్యి వేశాడు. నా మనసులో ఉన్నదీ అదే. నా ప్రాణం లేచొచ్చింది.

"ఇది కట్టవయ్యా" అన్నాడు.

"ఇది డెమో పీసు అంకుల్. లోపల్నుంచి సీలు తియ్యని కొత్తది తెచ్చిస్తానండి" అన్నాడు అమ్మే అబ్బాయి.

"సీలు తియ్యంది నాకెందుకు? అందులో ఏవుందో నువ్వు చూశావా?"

"అన్నీ ఒకటేనండి. కంపెనీ నుంచి వచ్చినయ్యే కదా."

"బస్తాలూ ఒకే చేలోంచి వస్తయ్. ఒకే రకంగా ఉంటయ్యా? నేను చెయ్యి పెట్టి చూసింది దీన్ని. నాకిదే కావాలి."

అబ్బాయి నా వంక చూశాడు. నేను నాన్న వంక చూశాను. ఇది బస్తా కాదు నాన్నా అనాలి. అనలేదు. యార్డులో ఎంతమంది ఎన్ని చెప్పినా ఆయన మాట మారలేదని, మారకపోవడం వల్లే ఊరికి మేలు జరిగిందని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగినదాన్ని. ఇంతలో కొట్టు యజమాని వచ్చాడు. సంగతి విని, "పెద్దాయన చెప్పింది కరెక్టే. చూసిందే తీసుకెళ్ళనీ" అని మౌసు ఒకటి ఉచితంగా చేతిలో పెట్టాడు. యజమాని అంత తొందరగా ఒప్పుకోవడం చూశాక నాకు అనుమానం పట్టుకుంది. బస్సులో దారి పొడుగునా ఆ సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పత్తి ఏరేసిన చేలు ఎండిన కట్టెలతో కిటికీ పక్కనుంచి పోతూనే ఉన్నాయి.

శిక్షణ మొదలయ్యేలోపే సంగతి బయటపడింది. సాయంత్రం పూట ఛార్జరు తీగ పీకి ఒళ్ళో పెట్టుకుని ఏదో నేర్చుకుంటున్నాను. బ్యాటరీ సగానికి పైగా ఉంది. చూస్తుండగానే తెర నల్లబడింది. నా మొహమే నాకు కనిపించింది అందులో. మళ్ళీ తీగ పెట్టి, వెతికి వెతికి బ్యాటరీ రిపోర్టు తీసే పద్ధతి తెలుసుకున్నాను. కొత్తలో ఉండాల్సిన సత్తువలో సగం కూడా లేదు. షోకేసులో రోజంతా తీగకు తగిలించి, ఆ లైట్ల కింద వేడికి నెలల తరబడి ఉంచితే అలాగే అవుతుందట. పైకి ఎర్రగా ఉండి, విరిస్తే లోపల బూజున్న కాయ. ఎంత చెయ్యి పెట్టి వెతికినా అది నాన్న చేతికి తగిలేది కాదు.

చెప్పేద్దామని వంటింటి దాకా వెళ్ళాను. బయట అరుగు మీద నాన్న గొంతు వినిపిస్తోంది. వరసకు బాబాయ్ అయ్యే మా పక్కింటాయనతో మాట్లాడుతున్నాడు. "సీలు పెట్టె అంటగట్టబోయాడ్రా వాడు. నేను తీసుకుంటానా? అన్నీ చూసి, అందులో మేలైంది ఏరుకొచ్చా" అంటున్నాడు. అంత సంతోషంగా ఆయన మాట్లాడి చాలా కాలమైంది. నేను వెనక్కి వచ్చేశాను. పైగా బ్యాటరీ మార్పించాలంటే విజయవాడలో కంపెనీ వాళ్ళకు అప్పజెప్పి రావాలి. ఎప్పుడిస్తారో తెలీదు. శిక్షణేమో నెత్తి మీదుంది.

మా ఊళ్ళో ఇళ్ళ కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలీదు. మా ఇంట్లో ఇన్వర్టర్ లేదు. పొలాల కరెంటు లైను మాత్రం వేరు. పగటిపూట ఇచ్చే వేళల్లో అది కాస్త నిలకడగా ఉంటుంది. "ఇంట్లో గోలగా ఉంటుంది నాన్నా, చేలో మోటారు షెడ్డులో కూర్చుంటా" అన్నాను. ఆయన ఎందుకని అడగలేదు. మర్నాటికి షెడ్డు ఊడ్చేశాడు. స్టార్టరు డబ్బా పక్కన ప్లగ్గు బోర్డు కొత్తది బిగించాడు. నాకొక బల్ల, కుర్చీ చేరవేశాడు. రేకుల మీద ఎండ తగలకుండా చొప్ప కప్పాడు. ఎంత మంచి నాన్న అనుకున్నానే తప్ప ఇంకేమీ అనుకోలేదు.

అలా మిరప చేలో నా శిక్షణ మొదలైంది. ఫోను నుంచి నెట్టు, స్టార్టరు డబ్బా నుంచి కరెంటు. బయట కల్లంలో కాయలు ఆరబోసి ఉండేవి. బోరు నీళ్ళు పైపులోంచి తొట్టిలో పడుతూ ఉండేవి. నీళ్ళు పడుతున్నంతసేపూ కరెంటున్నట్టు. ఆ చప్పుడు ఆగితే పోయినట్టు. పాఠం ఒక చెవితో, నీళ్ళ చప్పుడు ఇంకో చెవితో వినేదాన్ని. అప్పుడప్పుడూ ఆగేది. ఆగిన ప్రతిసారీ బ్యాటరీ బొమ్మ వంక చూస్తూ ఊపిరి బిగబట్టేదాన్ని. ఎలాగో మళ్ళీ వచ్చేది. ఇంటికొచ్చాక అన్నం సయించేది కాదు. చప్పుడు ఆగినట్టు నిద్రలో ఉలిక్కిపడేదాన్ని.

ఒకరోజు గాలి తిరిగి కల్లం మీది ఘాటంతా షెడ్డులోకి వచ్చింది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను ఆ దుమ్మును పీల్చి నా మొహం మీదికే వదిలింది. కళ్ళ వెంట ధారలు. హైదరాబాదు నుంచి పాఠం చెప్పే మేడమ్ ఆగిపోయి, "ఏమైందమ్మా, ఏడుస్తున్నారా?" అంది.

"లేదు మేడమ్. మిరపకాయలండి."

"మిరపకాయలా? క్లాసులోనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి ఆ వేళ నేను ఏడుస్తున్నానో, మిరపకాయలు ఏడిపిస్తున్నాయో నాకే తెలీదు. కళ్ళు తుడుచుకుని ముందు చూసింది ఆ మూలనే.

ఇది చాలదన్నట్టు బాబాయ్ ఇంకో గుబులు తెచ్చిపెట్టాడు. వాళ్ళమ్మాయి పాలిటెక్నిక్ చదువుతోంది. దానికీ ల్యాప్‌టాప్ కొనాలట. "అన్నయ్యా, యార్డుకెళ్ళిన రోజే నువ్వే దగ్గరుండి ఒకటి చూసిపెట్టాలి. నాకేం తెలుసు చెప్పు?" అని వారానికోసారి గుర్తు చేసేవాడు. నాన్న "చూద్దాంలేరా" అనేవాడు. మొదట్లో ఉన్న ఊపు ఆ మాటలో లేదు. అది నేను గమనించాను గానీ కాయల ధర పడిపోయిందన్న దిగులేమో అనుకున్నాను. నా భయం మాత్రం రెండింతలైంది. ఈయన మళ్ళీ వెళ్ళి, మళ్ళీ షోకేసులోదే ఏరి ఆ పిల్ల చేతిలో పెడితే?

పరీక్ష రోజు వచ్చేసరికి చివరి కోత కాయలు కల్లంలో ఉన్నాయి. చేనుకు నీళ్ళతో పనే లేదు. అయినా పొద్దున్నే నాన్న మోటారు వేశాడు. అమ్మ అరిచింది. "ఇంకా ఎందుకయ్యా నీళ్ళు? ఎవరి నోట్లో పోస్తావ్?"

"గడ్డి మడికి పెడతాలే" అని పార భుజాన వేసుకుని చేను చివరికి వెళ్ళిపోయాడు.

పరీక్ష మొదలైంది. కెమెరాలో నా మొహం. తొట్టిలో నీళ్ళ చప్పుడు. బాగానే రాస్తున్నాను. సగం దాటాను, ఇంకాస్త దాటాను. ఉన్నట్టుండి చప్పుడు ఆగింది.

బ్యాటరీ నిండుగానే చూపిస్తోంది. ఆ నిండుతనం సంగతి నాకు తెలుసు. షెడ్డు వేడికి అదింకా దిగజారి, నిమిషాలే నిలుస్తోంది. రాయాల్సినవి రాస్తున్నాను గానీ అక్షరాలు ఆనడం లేదు. ఊపిరి కోసమని తలెత్తితే తలుపులోంచి చేను కనిపించింది. నాన్న పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. పార లేదు, చెప్పులు లేవు. పంచె ఒక చేత్తో పైకి పట్టుకుని, బోదెలు దాటుకుంటూ, పడబోయి నిలదొక్కుకుంటూ పరిగెత్తుతున్నాడు. నేను పిలవలేదు. ఫోను చెయ్యలేదు. నోరే తెరవలేదు.

గడ్డి మడికి నీళ్ళు ఆగితే ఎవరూ అలా పరిగెత్తరు. బ్యాటరీ సంగతి ఆయనకు తెలుసు. ఎప్పటినుంచో తెలుసు. షెడ్డు ఊడ్చింది, కొత్త బోర్డు బిగించింది, ఆ పొద్దున అవసరం లేకపోయినా మోటారు వేసింది, అన్నీ ఒక్కసారిగా నాకు అర్థమయ్యాయి. చేను చివర నిలబడి ఆయన కూడా ఒక చెవి ఆ నీళ్ళ చప్పుడు మీదే వేసి ఉంచాడు. నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

గుమ్మం దగ్గర ఆగిపోయాడు. కెమెరాలో పడకుండా పక్కకు నిలబడ్డాడు. గుండెలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదాలతోనే అడిగాడు, "ఎంతుందమ్మా?" అని. నేను తల అడ్డంగా ఊపాను. అంతలోనే తెర నల్లబడింది.

ఇద్దరం ఆ నల్లటి తెర వంకే చూస్తూ ఉండిపోయాం. నేను ఫోను తీసి మేడమ్‌కు మెసేజీ పెట్టబోయాను. రెండుసార్లు తప్పు కొట్టి, చివరికి "కరెంటు పోయింది మేడమ్, దయచేసి" అని మాత్రం రాయగలిగాను. నాన్న స్టార్టరు డబ్బా ముందు నిలబడి, ఎర్ర లైటు వెలగాల్సిన చోట అరచెయ్యి ఆనించాడు. బస్తా మీద ఆనించినట్టే. ఎంతసేపో చెప్పలేను. తొట్టిలో పైపు ముందు గాలి ఊదింది. తర్వాత నీళ్ళు పడ్డాయి.

మేడమ్ ఒక్క మాటే రాసింది: "వచ్చి పూర్తి చెయ్యి." మిరపకాయల అమ్మాయిగా నేను ఆమెకు గుర్తుండటమే నన్ను కాపాడిందని నేను ఇప్పటికీ నమ్ముతాను. పూర్తి చేశాను. ఉద్యోగం ఖాయమైనట్టు తర్వాత కబురొచ్చింది. అమ్మ పాయసం చేసింది. నాన్న బ్యాటరీ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మొదటి జీతానికి ముందే బాబాయ్ కాయలు యార్డుకు వేసే రోజు వచ్చింది. నన్నూ రమ్మన్నాడు నాన్న. ఎందుకని అడిగితే "రా ఊరికే" అన్నాడు. యార్డులో ఆయన్ని దగ్గరనుంచి చూడటం నాకదే మొదలు. చొక్కా చెయ్యి మడిచాడు. బస్తా మూతి దగ్గర వేళ్ళు పెట్టి కాసేపు ఆగాడు. కళ్ళు మూసుకుని, ఊపిరి వదిలి, అప్పుడు దించాడు. ఊళ్ళో చెప్పుకునే కథల్లో ఆ ఆగడం గురించి ఎవరూ చెప్పరు.

కాయలు అమ్ముడయ్యాక ల్యాప్‌టాప్‌ల కొట్టుకు వెళ్ళాం. మేం కొన్నది కాదు, వేరే కొట్టు. అదే చల్లదనం, అవే కొండలు, సరస్సులు. బాబాయ్ చేతులు కట్టుకుని నిలబడి, "నీదే భారం అన్నయ్యా" అన్నాడు.

నాన్న చొక్కా చెయ్యి మడవలేదు.

"నాకు తెలవదురా" అన్నాడు. "అమ్మాయి చూస్తది."

ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. బాబాయ్ కూడా విని ఉండడు. తెల్లబోయి ఒకసారి ఆయన్ని, ఒకసారి నన్ను చూశాడు. నా ల్యాప్‌టాప్ అయితే ఆ బాధేదో నేను పడతాను. ఆ పిల్లది, ఏడాదంతా బాబాయ్ మందు కొట్టి, నీళ్ళు పెట్టి పండించిన కాయల మీద కొంటున్నది నేను ఎలా చూడను? మూతలు తీశాను, తెరలు పక్కనుంచి చూశాను, ర్యామ్ ఎంతో అడిగాను, బందులు ఊపి చూశాను. ఒకటి తేల్చుకున్నాను. అమ్మే అతను ముందుకు వంగి, "ఈ డెమో పీసే తీసుకుంటే తగ్గించి ఇస్తానండి" అన్నాడు. బాబాయ్ మొహం వెలిగింది. "చూసిందే కదమ్మా, అదే తీసుకుందాం. మీ నాన్న కూడా..." అని ఆగిపోయి నాన్న వంక చూశాడు. నాన్న నా వంక చూస్తున్నాడు.

"వద్దండి. సీలు తియ్యనిది ఇవ్వండి" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు ఆ పెట్టె నాన్న ఒళ్ళో ఉంది. అట్ట మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. లోపలికి చెయ్యి వెళ్ళే దారి లేని బస్తా ఆయన ఒళ్ళోకి రావడం అదే మొదటిసారి. బాబాయ్ ముందు సీట్లో నిద్రపోతున్నాడు.

"నాన్నా, బస్తాలో చెయ్యి పెట్టేముందు నీకు భయమేస్తుందా?" అని అడిగాను.

"వెయ్యకపోతే చెయ్యి పెట్టటం దేనికమ్మా?" అన్నాడు.

లోపలిది ఎలా ఉందో మా ఇద్దరికీ తెలీదు. దర్శి వచ్చేదాకా ఇద్దరం ఆ పెట్టె వంకే చూస్తూ కూర్చున్నాం.